పాత షెవీ ట్రక్కు 350 ఇంజిన్‌కు హెడ్లు మార్చడం: నంబరు చదవడం నుంచి చివరి బోల్టు దాకా

1987 నుంచి 1995 మధ్య వచ్చిన షెవర్లే, జీఎంసీ పికప్పుల్లో 350 ఇంజిన్, అంటే 5.7 లీటర్ల వీ8 ఉన్నవాళ్లందరికీ ఎప్పుడో ఒకప్పుడు వచ్చే ఆలోచనే ఇది: ఇంజిన్ పైన వాల్వులుండే సిలిండర్ హెడ్లు మారిస్తే బండి కాస్త లేస్తుందా అని. లేస్తుంది. కాకపోతే ఈ పనిలో హెడ్లు కొనడమే అన్నిటికన్నా తేలిక. వాటి వెనకాలే ఇన్‌టేక్ మానిఫోల్డు, పుష్ రాడ్లు, ప్లగ్గులు, కంప్యూటర్ చిప్పు, అన్నీ పెళ్లికొడుకు వెంట చుట్టాల్లాగా ఒక్కొక్కటే దిగుతాయి, ఆ సంగతి ముందే తెలిస్తే డబ్బూ మిగులుతుంది, శని ఆదివారాలూ మిగులుతాయి.

నాది 1994 సీ1500, ఉండేది డాలస్‌లో. చిన్నప్పుడు సెలవుల్లో విజయవాడ ఆటోనగర్‌లో మా బాబాయి లారీలకు హెడ్డు దింపుతుంటే స్పానర్లు అందించడం తప్ప నాకు ఈ విద్యలో పెద్ద చదువేమీ లేదు. రెండు వారాంతాల్లో అయిపోతుందనుకున్న పని నాకు ఆరు వారాలు పట్టింది. ఎందుకు పట్టిందో ఆయా చోట్ల చెబుతాను, మీకు అంత పట్టకూడదనే ఇదంతా.

ముందు ఇంజిన్ నాడి చూడండి

కొత్త హెడ్లు పాత బోర్ మీద పెడితే మిగిలేది నిరాశే. ఇంజిన్ బోరుకొచ్చి ఉంటే, రింగులు అరిగి ఆయిల్ తాగుతుంటే, పైన ఏం మార్చినా కింద నుంచి కారిపోతుంది. అందుకే మొట్టమొదట కంప్రెషన్ టెస్ట్. ఇంజిన్ వేడెక్కించి, ఎనిమిది ప్లగ్గులూ తీసేసి, ఇగ్నిషన్, ఇంజెక్టర్ల కనెక్షన్లు పీకేసి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి పట్టుకుని, ఒక్కో సిలిండర్ దగ్గర గేజ్ పెట్టి నాలుగైదు చుట్లు స్టార్టర్ తిప్పండి. అన్నిటికన్నా తక్కువ వచ్చిన సిలిండర్, ఎక్కువ వచ్చినదానిలో కనీసం 70 శాతం ఉండాలి, ఏదీ 100 పీఎస్‌ఐ కన్నా దిగకూడదు. ఎక్కడైనా తక్కువ వస్తే ఆ సిలిండర్‌లో ఒక చెంచా ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ చూడండి. రీడింగ్ పెరిగితే రింగుల రోగం, పెరగకపోతే వాల్వులదో హెడ్ గ్యాస్కెట్‌దో. రెండోదైతే సంతోషించండి, ఎలాగూ హెడ్డు దింపబోతున్నారు కదా.

మీ బండి మీద ఉన్నదేంటో తెలుసుకోవడం

వీఐఎన్ నంబర్‌లో, అంటే బండి గుర్తింపు సంఖ్యలో, ఎనిమిదో అక్షరం చూడండి. కె అంటే 5.7 టీబీఐ, అంటే కార్బురేటర్ ఉండాల్సిన చోట రెండు ఇంజెక్టర్లు కూర్చున్న రకం. హెచ్ అయితే 5.0, అంటే 305. 1996 లేదా ఆ తర్వాతి బండి అయి ఆర్ ఉంటే మీకు ఈ వ్యాసం అక్కర్లేదు, మీ ఇంజిన్ మీద ఉన్నవే మిగతావాళ్లు వెతుక్కునే హెడ్లు. కానీ ముప్పై ఏళ్ల బండి చేతులెన్ని మారిందో, మధ్యలో ఇంజిన్ ఎన్నిసార్లు మారిందో ఎవరికీ తెలియదు కాబట్టి వీఐఎన్‌ను సాక్ష్యంగా మాత్రమే తీసుకోండి, తీర్పుగా కాదు. ఫ్యాక్టరీ ఏం పెట్టిందో అది చెబుతుంది, ఇప్పుడేముందో చెప్పేది ఇనుము మీద పోత పోసిన నంబరే.

ఇంజిన్ ముందు నిలబడి వాల్వ్ కవర్ల బోల్టులు చూడండి. బోల్టులు కవర్ మధ్యలో వరసగా ఉంటే అది 1987 లేదా ఆ తర్వాతి హెడ్. కవర్ అంచుల చుట్టూ ఉంటే 1986, అంతకుముందుది. తర్వాత ఇన్‌టేక్ మానిఫోల్డ్ బోల్టులు లెక్కపెట్టండి. పక్కకు ఆరు చొప్పున మొత్తం 12 బోల్టులు వాలుగా దిగితే పాత పద్ధతి. పక్కకు నాలుగు చొప్పున ఎనిమిదే ఉండి అవి నిట్టనిలువుగా కిందికి దిగితే వోర్టెక్ హెడ్, అంటే 1996 నుంచి వచ్చిన, అందరూ వెతుక్కునే రకం. స్క్రాప్ యార్డ్‌లో కవర్ విప్పకుండానే అర నిమిషంలో తేల్చుకునే గుర్తు ఇది.

ఇక అసలు నంబరు. వాల్వ్ కవర్ తీస్తే, వాల్వులను నొక్కే రాకర్ల మధ్య ఖాళీలో హెడ్ మీద పోత అక్షరాలు కనిపిస్తాయి. ఆయిల్ జిడ్డు కింద దాక్కుని ఉంటుంది, బ్రేక్ క్లీనర్ కొట్టి పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి, చాక్‌పీసు అడ్డంగా గీస్తే అంకెలు తేలతాయి. ఆరు నుంచి ఎనిమిది అంకెల నంబరులో మనకు పనికొచ్చేవి చివరి మూడే, అందుకే ఈ పనిలో ఉన్నవాళ్లు "193", "906" అని పొట్టిగా పిలుచుకుంటారు. రెండు హెడ్లూ చూడండి, ఒకటి చూసి రెండోది అదే అయి ఉంటుందిలే అనుకోవద్దు. పక్కకొకటి చొప్పున వేరే వేరే నంబర్లున్న ఇంజిన్లు ఉంటాయి, ఎవరో ఒకవైపే పగిలిందని దొరికింది పెట్టేసి ఉంటారు.

దాని దగ్గరే తారీఖు కోడ్ కూడా ఉంటుంది. మొదట ఇంగ్లిష్ అక్షరం నెల, ఎ అంటే జనవరి, ఎల్ అంటే డిసెంబర్. తర్వాత రోజు, చివర సంవత్సరంలో ఆఖరి అంకె. సి 12 4 అని ఉంటే మార్చి 12, నాలుగుతో ముగిసే ఏడాది. అది 1974 కావచ్చు, 1984 కావచ్చు, 1994 కావచ్చు. దశాబ్దం మాత్రం కాస్టింగ్ నంబరును బట్టి మీరే తేల్చుకోవాలి.

నంబరు ఏం చెబుతుంది

టీబీఐ 350 మీద మామూలుగా కనిపించేది 14102193. దీన్ని స్విర్ల్ పోర్ట్ హెడ్ అంటారు. ఇన్‌టేక్ దారిలో వాల్వ్‌కు కాస్త ముందు రెక్కలాంటి గట్టు ఒకటి ఉంటుంది, లోపలికొచ్చే గాలి, పెట్రోలు దాన్ని తగిలి సుడి తిరుగుతూ సిలిండర్‌లోకి వెళ్తాయి. తక్కువ ఆర్‌పీఎంలో బాగా మండుతుంది, కింద నుంచి లాగే బలం బాగుంటుంది, బరువులు మోసే ట్రక్కుకు అదే కావాలని ఇంజనీర్లు తెలిసే చేశారు, ఆ హెడ్‌ను ఎద్దేవా చేసేవాళ్లు ఇది మర్చిపోతుంటారు. కానీ అదే గట్టు 4,000 ఆర్‌పీఎం దగ్గరికొచ్చేసరికి గొంతుకు అడ్డం పడుతుంది. హైవే ఎక్కే ర్యాంప్ మీద యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినా మోతే తప్ప కదలిక ఉండదు చూడండి, అదే కారణం. గ్రైండర్‌తో ఆ గట్టును కొట్టేస్తే సరిపోదా అని చాలామంది అడుగుతారు. కొంత లాభం ఉంటుంది గానీ అంత శ్రమపడి చేసినా వోర్టెక్‌కు దరిదాపుల్లోకి రాదు, నేనైతే ఆ జోలికి పోను.

305 మీద కనిపించేది 187. దాని దహన గది 58 సీసీ, 193ది 64 సీసీ. వాల్వులు కూడా చిన్నవి. 350 మీద 187 పెడితే కంప్రెషన్ పెరుగుతుంది కదా అనే తెలివి ఒకటి తిరుగుతుంటుంది, గాలే లోపలికి రానప్పుడు ఎంత నొక్కి ఏం లాభం?

డెబ్బైల మధ్య నుంచి వచ్చిన బళ్ల మీద 333882 ఎక్కువగా దొరుకుతుంది. 76 సీసీ గది, పలుచని పోత, పగుళ్లకు పేరుమోసింది. ఉచితంగా ఇచ్చినా వద్దనండి. మీ దగ్గర డెబ్బైల నాటి ట్రక్కు ఉండి దాని మీద 882 ఉంటే మాత్రం 64 సీసీ హెడ్‌కు మారడంలోనే సగం లాభం ఉంది. లెక్క ఇదిగో: 350లో ఒక్కో సిలిండర్ సుమారు 716 సీసీ. కంప్రెషన్ 8.5 అంటే పైన మిగిలే చోటు 716ను 7.5తో భాగిస్తే వచ్చే 95.5 సీసీ. గది 12 సీసీ తగ్గితే అది 83.5 అవుతుంది, 716ను దాంతో భాగించి 1 కలిపితే దాదాపు 9.6. ఏమీ చేయకుండానే ఒక పాయింట్ పెరిగింది. అదే లెక్క తిరగేస్తే, మీ 193లను తీసి 76 సీసీ హెడ్ పెట్టడం డబ్బిచ్చి బలం తగ్గించుకోవడం అని కూడా తెలుస్తుంది.

ఇక అందరూ వెతికేవి 10239906, 12558062. ఇవే వోర్టెక్, 1996 నుంచి 5.7 ఎల్31 ఇంజిన్ల మీద వచ్చినవి. గది 64 సీసీ, ఇన్‌టేక్ వాల్వ్ 1.94 అంగుళాలు, ఎగ్జాస్ట్ 1.50, ఇన్‌టేక్ దారి సుమారు 170 సీసీ. వాల్వ్ సైజులు పాతవాటిలాగే ఉన్నా దారి ఆకారం, గది ఆకారం పూర్తిగా మారిపోయాయి, మార్పంతా అక్కడే. 906, 062లలో ఏది మేలు అనే వాదనలో దిగకండి, పగుళ్లు లేనిది ఏదైతే అదే మేలు. చివర 059 ఉంటే అది 305 వోర్టెక్, చూడ్డానికి అచ్చు ఇలాగే ఉంటుంది, అమ్మేవాడు "350వే అన్నా" అంటాడు, వాల్వులు చిన్నవి. నంబరు ఫొటో పంపమనండి. పంపకపోతే వదిలేయండి.

1993 ఎల్05కు, అంటే మన టీబీఐ 350కు, ఫ్యాక్టరీ చెప్పింది 210 హార్స్‌పవర్, 1996 ఎల్31కు 255. ఆ 45లో హెడ్లదే మొత్తం కాదు, ఇంజెక్షన్, వాల్వులను లేపే క్యామ్ షాఫ్ట్ కూడా మారాయి. కాబట్టి హెడ్లు మాత్రమే మార్చి 45 వస్తుందని ఆశపడొద్దు.

పాత వోర్టెక్ హెడ్లు కొనేటప్పుడు

ఇక్కడే నా మొదటి రెండు వారాలు పోయాయి. ఆన్‌లైన్‌లో ఒకాయన దగ్గర జత కొన్నాను, శుభ్రంగా కడిగి, పెయింట్ కూడా వేసి ఉన్నాయి. పెయింట్ చూడగానే అనుమానం రావాల్సింది, రాలేదు. మెషిన్ షాప్‌లో మ్యాగ్నెటిక్ పౌడర్ చల్లగానే ఒకదానిలో ఇన్‌టేక్ సీటుకూ ఎగ్జాస్ట్ సీటుకూ మధ్య వెంట్రుకంత గీత తేలింది. ఈ హెడ్లు పగిలేది మామూలుగా అక్కడే, బండి ఒక్కసారి బాగా వేడెక్కినా చాలు. కంటికి కనిపించదు. అందుకే హెడ్లు కొన్న రోజే, కవర్ విప్పిన చేత్తోనే, పౌడర్ టెస్టుకూ ప్రెషర్ టెస్టుకూ ఇవ్వండి. ఆ తర్వాతే మిగతా సామాన్లు ఆర్డర్ చేయండి.

ఇంటి దగ్గర మీరు చూసుకోగలిగింది చదును. హెడ్ తిరగేసి మంచి స్టీల్ స్కేల్ నిలువుగా, అడ్డంగా, ఐమూలగా పెట్టి కింద ఫీలర్ గేజ్ దూర్చండి. 0.004 అంగుళం ఆకు దూరితే ఫేసింగ్ చేయించాలి. వాల్వులు గైడ్‌లో అటూ ఇటూ ఊగుతున్నాయేమో చూడండి. గదిలో కిరసనాయిల్ లాంటిదేదైనా పోసి పోర్టులోకి కారుతుందేమో పావుగంట చూస్తే సీట్ల సంగతి తెలుస్తుంది. వాల్వ్ స్టెమ్ సీళ్లు ఎలా ఉన్నా మార్చేయండి.

పెద్ద క్యామ్ వేసే ఆలోచన ఉంటే ఇప్పుడే చెప్పండి, హెడ్లు షాప్‌లో ఉండగానే. ఫ్యాక్టరీ వోర్టెక్‌లో వాల్వ్ 0.460 అంగుళం దాటి లేస్తే స్ప్రింగ్ పై టోపీ కింద సీలుకు తగులుతుంది. అంతకన్నా ఎక్కువ లిఫ్ట్ కావాలంటే గైడ్ పైభాగం కోయించాలి, లేదా పైకి పోయేకొద్దీ సన్నబడే బీహైవ్ స్ప్రింగులు, వాటికి తగ్గ చిన్న టోపీలు వేయించాలి. పాత క్యామ్‌తోనే పోతుంటే ఈ గొడవ లేదు, ఎల్05 క్యామ్ లిఫ్ట్ అంత దూరం వెళ్లదు.

ఇంత దూరం చదివి పాత హెడ్లతో జూదం ఎందుకనిపిస్తే కొత్త అల్యూమినియం హెడ్లూ ఉన్నాయి. ఎడెల్‌బ్రాక్ వాళ్ల ఈ-టెక్ 170 వోర్టెక్ తరహా పోర్టుతోనే వస్తుంది. బరువు తక్కువ, పగుళ్ల భయం తక్కువ, ధర మాత్రం బండి ధరను ప్రశ్నించే స్థాయిలో ఉంటుంది.

హెడ్లతో పాటు ఏం కొనాలి

మీ టీబీఐ ఇన్‌టేక్ మానిఫోల్డ్ వోర్టెక్‌కు కూర్చోదు. బోల్టుల కోణం వేరు, పోర్టు ఎత్తు వేరు. టీబీఐ థ్రాటిల్ బాడీ కూర్చునేలా వోర్టెక్ హెడ్లకు జీఎం పెర్ఫార్మెన్స్ 12496821 అనే మానిఫోల్డ్ చేసింది. అది దొరక్కపోతే వోర్టెక్‌కు చేసిన కార్బురేటర్ మానిఫోల్డ్ కొని పైన అడాప్టర్ ప్లేట్ వేయాలి, అప్పుడు ఎయిర్ క్లీనర్ ఎత్తు పెరిగి బానెట్‌కు తగులుతుందేమో మట్టి ముద్ద పెట్టి చూసుకోండి.

వోర్టెక్ హెడ్‌లో ఎగ్జాస్ట్ వేడి అటు నుంచి ఇటు దాటే అడ్డదారి లేదు. పాత మానిఫోల్డ్‌లో ఈజీఆర్‌కు, అంటే కొంత పొగను మళ్లీ ఇంజిన్‌లోకి పంపే ఏర్పాటుకు, పొగ ఆ దారినే వచ్చేది. కాబట్టి ఈజీఆర్ ఉంచుకోవాలంటే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ నుంచి విడిగా పైపు లాగాలి. చలికాలం పొద్దున్నే ఇంజిన్ కాస్త బద్ధకంగా లేవడం కూడా ఈ వేడి లేకపోవడం వల్లే, భయపడక్కర్లేదు.

రాకర్లు సెల్ఫ్ అలైనింగ్ రకమే వేయాలి, వాల్వ్ కొనను రెండువైపులా పట్టుకునే చిన్న అంచులు ఉంటాయి వాటికి. వోర్టెక్‌లో పుష్ రాడ్ రంధ్రం వెడల్పుగా ఉంటుంది, రాకర్‌ను అటూ ఇటూ జారకుండా పట్టేది ఇంకేమీ లేదు. పుష్ రాడ్‌ను పట్టి ఉంచే గైడ్ ప్లేట్లున్న హెడ్ మీద మాత్రం ఇదే రాకర్ వేయకూడదు, రెండూ కలిసి పోట్లాడుకుని అరిగిపోతాయి.

పుష్ రాడ్లు. నా మూడో వారం ఇక్కడ పోయింది. హెడ్లతో పాటు వచ్చిన పుష్ రాడ్లు, రాకర్లు బాగున్నాయి కదా అని నా పాతవి చెత్తలో పడేయబోయాను. పెట్టి చూస్తే అందడం లేదు. లిఫ్టర్ అంటే క్యామ్ మీద నిలబడి పుష్ రాడ్‌ను లేపేది. ఎల్31 రోలర్ లిఫ్టర్ల ఇంజిన్, దాని పుష్ రాడ్ 7.2 అంగుళాలు. నా ఇంజిన్ ఫ్లాట్ ట్యాపెట్, అంటే లిఫ్టర్ అడుగున రోలర్ లేని రకం, దానికి 7.8 కావాలి. అర అంగుళం పైగా తేడా. మీది ఏదో తెలియాలంటే ఇన్‌టేక్ తీశాక లోపలి లోయలోకి చూడండి, లిఫ్టర్ల మీద సాలీడు కాళ్లలాంటి రేకు, జతజతకూ ఎముక ఆకారపు పట్టీలు ఉంటే రోలర్. ఏమీ లేకుండా లిఫ్టర్లు ఉత్తగా నిలబడి ఉంటే ఫ్లాట్ ట్యాపెట్.

ప్లగ్గులు కూడా పాతవి పనికిరావు, వోర్టెక్‌లో మర పొడవు ఎక్కువ. 1996 తర్వాతి ట్రక్కుకు వచ్చేవి కొని, గ్యాప్ మాత్రం మీ టీబీఐ ఇగ్నిషన్‌కు తగ్గట్టు 0.035 పెట్టుకోండి. ఇవి కాక హెడ్ గ్యాస్కెట్లు, వోర్టెక్ ఇన్‌టేక్ గ్యాస్కెట్లు, కొత్త హెడ్ బోల్టులు, థ్రెడ్ సీలర్, నల్ల ఆర్‌టీవీ సిలికాన్. ఎగ్జాస్ట్ మానిఫోల్డులు మాత్రం మీవే సరిపోతాయి.

విప్పడం

బ్యాటరీ నెగటివ్ తీయండి. పెట్రోలు ప్రెషర్ దించండి. కూలెంట్ పూర్తిగా దించి మూత ఉన్న డబ్బాలో పట్టండి, తియ్యగా ఉంటుందని కుక్కలు నాకుతాయి, ప్రాణం పోతుంది. ప్రతి వైరుకూ, ప్రతి వ్యాక్యూమ్ పైపుకూ మాస్కింగ్ టేపు మీద పేరు రాసి అంటించండి, రేపు గుర్తుంటుందిలే అనే మాట నమ్మకండి.

డిస్ట్రిబ్యూటర్ ఇన్‌టేక్ గుండా దిగి ఉంటుంది కాబట్టి అదీ బయటికి రావాలి. ముందు ఒకటో సిలిండర్‌ను కంప్రెషన్ పైకొచ్చే దాకా తిప్పి, రోటర్ ఎటు చూస్తోందో, బాడీ ఎక్కడుందో వెనక గోడ మీద గుర్తు పెట్టి ఫొటో తీసుకోండి. ఆ తర్వాత ఇంజిన్ తిప్పకండి.

అట్టముక్కకు పదహారు చిల్లులు పొడిచి, ఏ పుష్ రాడ్ ఏ వాల్వ్‌దో అందులో గుచ్చండి. ఫ్లాట్ ట్యాపెట్ లిఫ్టర్లు తీయాల్సి వస్తే ఇంకా జాగ్రత్త, దేని చోటికి అదే వెళ్లాలి. చోటు మారితే క్యామ్ కొమ్ము, లిఫ్టర్ రెండూ కొన్ని గంటల్లోనే తినేసుకుంటాయి. హెడ్‌కు 17 బోల్టులు, బయట నుంచి మధ్యకు వదులు చేస్తూ రండి. ఇనుప హెడ్ 20 కేజీలకు పైనే ఉంటుంది, బానెట్ కింద వంగి ఒక్కరే ఎత్తితే నడుం చెబుతుంది. తోడు పిలవండి.

బ్లాక్ శుభ్రం

ఈ భాగాన్ని అందరూ తొందరగా దాటేస్తారు, గ్యాస్కెట్ పోయేది ఇక్కడ చేసిన తొందర వల్లే. పాత గ్యాస్కెట్ ముక్కలను ప్లాస్టిక్ స్క్రేపర్‌తోనో బ్లేడుతోనో గీకండి. డ్రిల్లుకు తగిలించే గరుకు డిస్కులు వాడొద్దు, ఆ పొడి ఆయిల్‌లో కలిసి బేరింగులు తినేస్తుంది. సిలిండర్లలో, లిఫ్టర్ల లోయలో గుడ్డలు కుక్కి పని చేయండి, పూర్తయ్యాక గుడ్డలు లెక్కపెట్టి బయటికి తీయండి. బోల్టు రంధ్రాల్లో థ్రెడ్ చేజర్ తిప్పండి. ట్యాప్ వద్దు, అది ఇనుమును కోసేస్తుంది. ఆఖరున రెండు ముఖాలూ బ్రేక్ క్లీనర్‌తో తుడిచి, తెల్ల గుడ్డకు మరక అంటనంత వరకూ ఆపకండి.

హెడ్లు ఎక్కించడం, బోల్టులు బిగించడం

గ్యాస్కెట్ మీద ఏ వైపు పైకో రాసి ఉంటుంది, అది చూసి డోవెల్ పిన్నుల మీద కూర్చోబెట్టండి. హెడ్ నెమ్మదిగా దించండి, పిన్నుల మీద పడిందో లేదో చేతికి తెలుస్తుంది. ఈ 350 లాంటి స్మాల్ బ్లాక్ షెవీలో హెడ్ బోల్టుల రంధ్రాలు నీటి దారిలోకి తెరుచుకుంటాయి, అందుకే ప్రతి బోల్టు మరకూ థ్రెడ్ సీలర్ పూయాలి. ఒక్కదానికి మర్చిపోయినా రెండు నెలల తర్వాత వాల్వ్ కవర్ కింద కూలెంట్ ఎందుకొస్తోందో తెలియక జుట్టు పీక్కుంటారు.

బిగింపుకు రెండు పద్ధతులున్నాయి, వాటిని కలపకూడదు. పాత పద్ధతిలో 25, 45, 65 ఫుట్-పౌండ్లు, మూడు విడతల్లో. ఎల్31 పద్ధతిలో మొదట అన్నీ 22 ఫుట్-పౌండ్లు, తర్వాత కోణం: పొట్టి బోల్టుకు 55 డిగ్రీలు, మధ్యస్తంగా ఉన్నదానికి 65, పొడుగుదానికి 75. మీరు కొన్న బోల్టుల కాగితంలో ఏది ఉంటే అదే చేయండి. వరస ఎప్పుడూ మధ్య బోల్టు నుంచి మొదలుపెట్టి సుడిలాగా బయటికి. టార్క్ రెంచ్‌ను జర్క్ ఇవ్వకుండా ఒకే లాగుడులో లాగండి.

రాకర్లు సరిచేయడం

ఒక్కో సిలిండర్‌కు: ఎగ్జాస్ట్ వాల్వ్ తెరుచుకోవడం మొదలవ్వగానే ఆగి ఇన్‌టేక్ రాకర్ సర్దండి. ఇన్‌టేక్ తెరుచుకుని దాదాపు మూసుకోబోతుండగా ఎగ్జాస్ట్ సర్దండి. సర్దడమంటే పుష్ రాడ్‌ను వేళ్లతో పైకీ కిందికీ ఆడిస్తూ నట్టు బిగించాలి, ఆ ఆట పోయిన క్షణమే సున్నా. చాలామంది పుష్ రాడ్‌ను గుండ్రంగా తిప్పి చూస్తారు, కొత్త లిఫ్టర్లయితే తిప్పితే తెలియదు, సున్నా దాటి వాల్వ్‌నే లేపేస్తారు. సున్నా నుంచి అర చుట్టు, మహా అయితే ఒక చుట్టు. అన్నీ అయ్యాక మొదటి నుంచి ఇంకోసారి.

ఇన్‌టేక్, ఎక్కువమంది పాడు చేసే చోటు

గ్యాస్కెట్ పెట్టెలో ముందూ వెనకా పెట్టే కార్క్ పట్టీలు వస్తే పక్కన పడేయండి. వాటి బదులు బ్లాక్ ముందు గోడ, వెనక గోడ మీద వేలు మందం సిలికాన్ పట్టీ వేసి, మూలల్లో గ్యాస్కెట్ మీదకు కాస్త ఎక్కించండి. మానిఫోల్డ్ నిలువుగా దించండి, జరిపారంటే సిలికాన్ చెదిరిపోతుంది, తీసి తుడిచి మళ్లీ వేయాలి.

పాత టీబీఐ మానిఫోల్డ్ బోల్టులు 35 ఫుట్-పౌండ్లు బిగించిన చేతికి ఇక్కడ నమ్మకం కుదరదు గానీ, ఫ్యాక్టరీ వోర్టెక్ ఇన్‌టేక్‌కు ఆఖరి బిగింపు 11 ఫుట్-పౌండ్లే. మొదట 27 అంగుళ-పౌండ్లు, తర్వాత 106 అంగుళ-పౌండ్లు, చివరికి 11 ఫుట్-పౌండ్లు. అంగుళాల టార్క్ రెంచ్ లేకపోతే అద్దెకు తెచ్చుకోండి. నిలువు బోల్టులు కాబట్టి ఎక్కువ బిగిస్తే గ్యాస్కెట్ నలిగి పక్కకు జారుతుంది, కూలెంట్ ఆయిల్‌లోకి పోతుంది. మీరు కొన్న మానిఫోల్డ్ వేరే కంపెనీదైతే దాని కాగితంలో ఉన్న అంకె వాడండి.

స్టార్ట్ చేయడం, చిప్పు

డిస్ట్రిబ్యూటర్ గుర్తుల ప్రకారం దించి, 1-8-4-3-6-5-7-2 వరసలో వైర్లు పెట్టండి. డ్రైవర్ వైపు 1, 3, 5, 7. కొత్త ఆయిల్, కొత్త ఫిల్టర్. ఇంజిన్ లేచాక, వేడెక్కాక, గోధుమ రంగులో నల్ల చార ఉన్న ఒంటి వైరు కనెక్టర్ విప్పి టైమింగ్ లైట్‌తో సున్నా డిగ్రీలు పెట్టి, ఆపేసి, వైరు మళ్లీ తగిలించండి. ఆ వైరు విప్పకుండా పెట్టిన టైమింగ్ అంతా అబద్ధమే.

ఇప్పుడు అసలు మాట. ఈ ట్రక్కుల కంప్యూటర్ లోపలికెళ్లే గాలిని కొలవదు, మానిఫోల్డ్ ప్రెషర్, ఆర్‌పీఎం చూసి తన పట్టికలోంచి అంచనా వేస్తుంది. ఆ పట్టిక స్విర్ల్ పోర్ట్ హెడ్లకు రాసింది. మీరేమో గాలి ఎక్కువ వెళ్లే హెడ్లు పెట్టారు. ఐడిల్‌లో, మామూలు డ్రైవింగ్‌లో ఆక్సిజన్ సెన్సర్ సర్దుకుంటుంది, పూర్తిగా తొక్కినప్పుడు దాని మాట వినరు, పెట్రోలు తక్కువై ఇంజిన్ ఎండిపోయినట్టు మండుతుంది, పిస్టన్లకు ప్రమాదం. అందుకే చిప్పు మార్చి రాయించాలి. పెట్రోలు ప్రెషర్ ఫ్యాక్టరీలో 9 నుంచి 13 పీఎస్‌ఐ మధ్య ఉంటుంది, ట్యూనర్ దాన్ని కాస్త పెంచమనవచ్చు. టైమింగ్ కూడా ఆయన తగ్గిస్తాడు, వోర్టెక్ గది త్వరగా మండుతుంది కాబట్టి పూర్తి బలానికి 32 డిగ్రీల చుట్టుపక్కల చాలు. చిప్పు వచ్చే దాకా నేను సగం తొక్కుడుకు మించి తొక్కలేదు. అదే నా ఆరో వారం.

చట్టం సంగతి కూడా చూసుకోండి. టెక్సాస్‌లో 24 ఏళ్లు దాటిన బళ్లకు పొగ పరీక్ష లేదు, నా బండి అలా గట్టెక్కింది. కాలిఫోర్నియాలో 1976 నుంచి వచ్చిన పెట్రోలు బళ్లకు స్మాగ్ పరీక్ష ఉంది, అక్కడ ఈజీఆర్ తీసేసిన మానిఫోల్డ్‌తో వెళ్తే వెనక్కి పంపిస్తారు, ఎగ్జిక్యూటివ్ ఆర్డర్ నంబర్, అంటే ఆ రాష్ట్రం ఆమోదించిన నంబర్, ఉన్న సామానే కొనండి.

ఇక తేడా ఎలా ఉంది? 2,000 లోపు నాకు తేడా తెలియలేదు. కింద కాస్త తగ్గిందేమో అని కూడా ఒక రోజు అనిపించింది. 3,000 దాటాక మాత్రం ఇంతకుముందు మోత తప్ప లేని చోట ఇప్పుడు బండి ముందుకు పోతోంది. రోజూ ట్రెయిలర్ కట్టుకుని నెమ్మదిగా లాగేవాళ్లకు నేనైతే ఈ పని చెప్పను, ఆ డబ్బుతో పాత హెడ్లకే వాల్వ్ జాబ్ చేయించి మంచి ఎగ్జాస్ట్ వేయించమంటాను.

మొదటి వారం రోజూ పొద్దున డిప్‌స్టిక్ తీసి చూడండి, ఆయిల్ పాలు కలిపిన టీ రంగులోకి తిరిగితే బండి కదపకుండా ఇన్‌టేక్ మళ్లీ తీయాలి. రేడియేటర్‌లో నీళ్లు మొదటి రెండు మూడు రోజులు తగ్గడం మామూలే, లోపలి గాలి బయటికి పోతుంది. 500 మైళ్లకు ఆయిల్ మార్చి, చల్లటి ఇంజిన్ మీద ఇన్‌టేక్ బోల్టులు అదే 11 దగ్గర ఇంకోసారి చూసుకోండి.